మంగళవారం నాలుగు గంటల మనిషి

క్లినిక్ వెనక గది,
బుధవారం ఉదయం

వదినా,

ముందు శుభవార్త, తర్వాత మిగతా సోది. నిన్నటికి వారం పూర్తయింది. ఈ వారంలో పందొమ్మిది మంది వచ్చారు. పందొమ్మిది మందినీ సరిగ్గా యాభై నిమిషాలకి లేపి పంపించాను. ఒక్కరికి కూడా యాభై ఒకటో నిమిషం ఇవ్వలేదు. నమ్మకపోతే కింద కళ్ళజోళ్ళ షాపాయన్ని అడుగు. "ఏంటమ్మా, ఈ మధ్య మీ మెట్ల మీద జనం రైలు టైముకి దిగినట్టు దిగుతున్నారు" అన్నాడు. ఆయన నోట నా గురించి మంచి మాట రావడం ఈ మూడేళ్ళలో ఇదే మొదలు.

ఊళ్ళో ఫోన్లు మోగుతున్నాయి, ఊరు దాటితే మూగబోతున్నాయి. అందుకని సూపర్‌వైజరువైన నీకు చెప్పుకోవలసిన నా నెలవారీ స్వీయ పరిశీలన ఇక నుంచి ఉత్తరాల్లోనే. గొడవలు మొదలయ్యాక మన కౌన్సెలర్ల సంఘం వాళ్ళు ఈ రూలు పెట్టినప్పుడు నేను బాగా సణిగాను కదా, జనం అల్లాడుతుంటే కౌన్సెలర్లు కూర్చుని తమ మనసుల్ని తోముకోవడం ఏమిటని. ఆ సణుగుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఉత్తరాలు విప్పి చదువుతున్నారని పోస్టాఫీసులో గుసగుస. చదివే అన్నగారికి నా నమస్కారాలు. ఇందులో పేర్లుండవు, మా వృత్తిలో అది మొదటి నుంచీ ఉన్న కట్టుబాటు.

"నీ జబ్బు మంచితనం కాదే, వద్దనలేకపోవడం" అని ఆ రోజు బస్టాండులో అన్నావు చూడు, నాకు నిజంగానే ఒళ్ళు మండింది. బస్సు కదిలాక కూడా మండుతూనే ఉంది. ఇప్పుడు చెప్తున్నాను, నువ్వన్నదే నిజం.

అసలు పరీక్ష పెట్టింది మాత్రం మంగళవారం నాలుగు గంటల మనిషి. ఇదివరకు చెప్పాను నీకు, లిఫ్టులు బాగుచేసే ఆయన. కరెంటు కోతలు మొదలైనప్పటి నుంచి ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా ఈయన్నే పిలుస్తున్నారు. చలికాలంలో ఒక చోటికి వెళ్ళేసరికి ఆలస్యమైంది. లోపలున్న పెద్దాయన అప్పటికే పోయాడు. అప్పటి నుంచి ఏ గోడ పక్కన నిలబడినా అవతల నుంచి ఎవరో తడుతున్నట్టు వినిపిస్తుంది ఈయనకి. మనిషి మాత్రం సరదా. "ఇరుక్కున్నవాళ్ళని లాగేది నేను. నన్ను లాగడానికి మీరు. మీరు ఇరుక్కుంటే ఎవరొస్తారు మేడం?" అంటాడు. మా వదిన ఉందిగా అని లోపల అనుకుంటాను.

ఆయనకో అలవాటుంది. నలభై తొమ్మిది నిమిషాలు ఎండ గురించీ వాన గురించీ మాట్లాడి, చెప్పులేసుకుంటూ అసలు సంగతి ఎత్తుకుంటాడు. ఇదివరకైతే నేను మళ్ళీ కూలబడేదాన్ని. అది తేలేసరికి ఆరు గంటల కర్ఫ్యూ సైరన్ మోగేది. ఆయన పరుగున ఇంటికి, నేను తల పట్టుకుని ఇక్కడే.

నిన్న కూడా అంతే. టైమయిందన్నాను, లేచాడు. కిటికీ దగ్గర ఆగి కిందికి చూశాడు. "వీధి మరీ ఖాళీగా ఉంది మేడం. ఇంకో పావుగంట కూర్చోనా?" అన్నాడు. భార్య చెల్లెలి కాన్పుకని పొరుగూరు వెళ్ళింది, ఇంటికి చేరాలన్న తొందర లేదు ఆయనకి. "కూర్చోండి" అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. "ఖాళీగా ఉంటే నడవడం తేలికేగా. మిగతాది వచ్చే మంగళవారం మాట్లాడుకుందాం" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "అవునవును" అని తనూ నవ్వి దిగిపోయాడు.

తలుపు వేసి కుర్చీలో కూర్చున్నాను. చేతులు వణుకుతుంటే తొడల కింద పెట్టుకున్నాను. కాసేపు ఏడ్చాను కూడా. తర్వాత ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. ఇన్నేళ్ళలో మొదటిసారి నా గదికి నేనే యజమానిననిపించింది.

అన్నయ్యని అడిగానని చెప్పు. చెప్పడం మర్చిపోతావని తెలుసు, అయినా చెప్పు.

నీ ఉడత

*

ట్రైనింగ్ హాలు,
మధ్యాహ్నం విరామంలో

ఉడతా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పైకే చదివాను, మా ఎనిమిది మంది శిష్యగణం ముందు. మనిషి ఆనవాలు, ఊరి ఆనవాలు తీసేసి, ఆ కిటికీ దగ్గర ముక్క మాత్రం. "ఖాళీగా ఉంటే నడవడం తేలికేగా" అన్న చోట అందరూ పెన్నులు తీశారు. నేను రాసుకోమనలేదు, వాళ్ళే రాసుకున్నారు. నా మాటలకి ఏనాడూ అంత గౌరవం దక్కలేదు. ఒక పూట గర్వపడు, మించితే వద్దు.

నీ చేతులు వణకడం నాకు నచ్చింది. వణక్కుండా వద్దని చెప్పేవాళ్ళు మన పనికి పనికిరారు. నువ్వు ఆయన్ని గెంటేశానని ఎక్కడో ఒక మూల అనుకుంటూ ఉంటావు, నాకు తెలుసు నీ సంగతి. గెంటలేదు. వచ్చే మంగళవారం అనేది ఒకటి ఉందని చెప్పి పంపావు. ఈ రోజుల్లో అంత మాట ఇచ్చేవాళ్ళు ఎవరున్నారు? రేపు ఏమవుతుందో తెలియని మనిషికి, కదలకుండా నిలబడే ఒక గంట ఉండాలి. అది నువ్వు ఇస్తున్నావు. పావుగంట కోసం దాన్ని పాడుచేయకు.

సంఘానికి పంపే కాగితంలో నీ పేరుకి ఎదురుగా "గణనీయమైన ఎదుగుదల" అని రాసి సంతకం పెట్టాను. నా చేతి మీదుగా ఆ మాట పడ్డవాళ్ళు చాలా తక్కువ మంది. నువ్వు మా ఇంటి పిల్లవని పెట్టలేదు సుమా. మా ఇంటి పిల్లవని ఇంకో ఏడాది ఏడిపిద్దామనే అనుకున్నాను.

మీ అన్నయ్య బ్యాటరీ రేడియో చెవికి అతికించుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. వార్తలు రానప్పుడు గరగర వింటున్నాడు. గరగరలో కూడా ఏదో ఉంటుందట.

నా గురించి అడగలేదు, అయినా చెప్తాను. బాగానే ఉన్నాను. వచ్చేవాళ్ళు వస్తున్నారు, వెళ్ళేవాళ్ళు వెళ్తున్నారు. గదిలో గడియారం ఉంది, టైముకి నడుస్తోంది.

మీ వదిన

*

క్లినిక్ ముందు గది,
మంగళవారం, సైరన్ మోగాక

వదినా,

ఇవాళ ఆయన రాలేదు. లిఫ్టుల ఆయన.

నాలుగింటికి కుర్చీ సర్దుకుని కూర్చున్నాను. నాలుగూ పది, నాలుగున్నర. మెట్ల మీద చప్పుడైన ప్రతిసారీ లేచి మళ్ళీ కూర్చున్నాను. నాలుగూ యాభై దాకా గది ఆయనకే వదిలేశాను, నువ్వు నేర్పినట్టే. ఏడు నెలల్లో ఒక్క మంగళవారం కూడా మానలేదు. జ్వరంతో కూడా వచ్చి, "ఇక్కడ వణికితే మందులా పనిచేస్తుంది" అనేవాడు.

పాత ఉడతైతే ఈపాటికి ఏం చేసేదో నీకు తెలుసు. ఆయన పనిచేసే చోటికి ఫోను చేసేది, లేకపోతే చెప్పులేసుకుని ఇంటికే పోయేది. ఫోను మీద చేయి వేశాను కూడా. తీసేశాను. పోయిన వారం పావుగంట ఇవ్వనందుకు అలిగాడేమో, నేను వెంటపడితే ఆ అలకకి బహుమతి ఇచ్చినట్టవుతుందేమో అనిపించింది. ఇదంతా నీ గొంతుతోనే నా చెవిలో వినిపిస్తోంది.

ఇంకో మాట. మా వీధి మలుపులో మొన్నెప్పుడో ఎవరినో పట్టుకెళ్ళారని పాలావిడ అంది. ఏ రోజో ఆవిడకీ సరిగా తెలీదు. రోజూ ఏదో ఒక మలుపు గురించి ఇలాంటి మాటే వింటున్నాం. ఎందుకో రాయాలనిపించింది, రాశాను.

ఏం చెయ్యమంటావు? నువ్వు చెప్పేదాకా ఫోను ముట్టను. వెంటనే రాయి, పోస్టు రానూపోనూ నాలుగు రోజులు పడుతోంది.

ఉడత

*

ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర

ఉడతా,

వద్దు. ఫోను చేయకు, వెళ్ళకు.

ఏడు నెలలు మానని మనిషి, నువ్వు మొదటిసారి వద్దన్న మరుసటి వారమే మానాడు. రాకపోవడం కూడా మాటే. నోటితో అనలేని కోపాన్ని ఖాళీ కుర్చీతో అంటున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఎవరి మీదైనా కోపం తెచ్చుకునే ధైర్యం వచ్చిందేమో ఆయనకి. నువ్వు పరిగెత్తుకెళ్ళి ఆ కోపాన్ని ఆయన చేతిలోంచి లాగేసుకోకు.

వీధి మలుపు సంగతి రాశావు. ఎందుకో రాయాలనిపించిందని కూడా నువ్వే రాశావు. ఎందుకో నేను చెప్పనా? ఆయన ఇంటికి పరిగెత్తడానికి నీకో కారణం కావాలి. నీ కంగారు ఊళ్ళోని పుకార్లలో వెతుక్కుంటే దానికి కావలసినంత మేత దొరుకుతుంది. నీ కంగారు నీది, ఆయనది కాదు. దాంతోపాటు కూర్చో. ఈ నెల నీ పని అదే.

రూలు మనకి ముందు నుంచీ ఉన్నదే. రెండుసార్లు వరుసగా రాకపోతే రెండు వాక్యాల ఉత్తరం. "రెండు వారాలుగా మీరు రాలేదు. మీ సమయం మీ కోసమే ఉంచాను." ఇంతే రాయి. ఎలా ఉన్నారని అడగకు. బతిమాలకు. కింద నీ సంతకం, అంతకు మించి ఒక్క అక్షరం వద్దు.

మూడో వారం వస్తాడు. వచ్చి ముందు ఎండ గురించి మాట్లాడతాడు. అప్పుడు నాకు రాయి, ఇద్దరం నవ్వుకుందాం.

మీ అన్నయ్య ఈ కవరులో ఏదో చీటీ పెడతానంటున్నాడు. పెట్టనివ్వడం లేదు, బరువెక్కితే పోస్టు వాళ్ళు ఆపేస్తారు.

వదిన

*

క్లినిక్,
బుధవారం

గౌరవనీయులైన సూపర్‌వైజర్ గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. మీ ఉత్తరం అందిన రోజు ఫోను ముట్టలేదు. రెండో మంగళవారం కూడా ఆయన రాలేదు. మర్నాడు మీరు రాసిచ్చిన రెండు వాక్యాలు అక్షరం మార్చకుండా రాసి పోస్టు చేశాను. మూడో మంగళవారం నిన్న.

నిన్న నాలుగింటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. గెలిచాననుకున్నాను. నిజంగా అనుకున్నాను, మీకు ఎలా రాయాలో వాక్యం కూడా కట్టుకున్నాను. తలుపు తీస్తే ఒకావిడ. చేతిలో నా కవరు. తను ఆయన భార్యనని చెప్పింది. ఆదివారం ఊరి నుంచి వచ్చిందట. తలుపు తీసేసరికి గుమ్మం లోపల ఈ కవరు పడి ఉందట. ఇల్లు మాత్రం తను వెళ్ళిన వారం ఎలా ఉందో అలాగే ఉందట, పొయ్యి మీద గిన్నెలో అన్నం బూజు పట్టి.

చదివేవాళ్ళు చదవనీ, ఆవిడ చెప్పినవీ వీధిలో అడిగి తెలుసుకున్నవీ అన్నీ రాస్తాను. ఆ మంగళవారం మా వీధి మలుపులో వ్యాను పెట్టి దారిన పోయే మగవాళ్ళనందరినీ ఎక్కించుకున్నారు. పదకొండు మంది. వ్యాను రావడం చూసి కళ్ళజోళ్ళ షాపాయన షట్టరు దించుకుని లోపల కూర్చున్నాడు. వీధిలో మిగతా వాళ్ళూ అంతే. వీధి అందుకే మరీ ఖాళీగా ఉంది. అయిదు కొట్టేసరికి వ్యాను వెళ్ళిపోయిందట. ఆయన నా దగ్గర నుంచి దిగింది నాలుగూ యాభైకి.

వాళ్ళని ఆడపిల్లల స్కూల్లో పెట్టారు. మొదటి పదిహేను రోజులు, ఎవరైనా వెళ్ళి "ఈ మనిషి నాకు తెలుసు" అని సంతకం పెడితే వదిలేశారు. పదకొండు మందిలో తొమ్మిది మంది అలాగే ఇళ్ళకి వచ్చారు. లోపలున్నవాళ్ళ పేర్లు రోజూ గేటుకి అంటించేవారట, పక్కన ఎవరికి తెలియజేయాలో కూడా. ఎవరూ ఎవరికీ తెలియజేయలేదు, చూసుకున్నవాళ్ళు వెళ్ళారు. ఆయన పేరు పక్కన మొదట భార్య పేరు రాయించి కొట్టేయించాడట, ఊళ్ళో లేదని. దాని కింద నా క్లినిక్ రాయించాడు. "కళ్ళజోళ్ళ షాపు పైన, మేడం గారు." పదిహేను రోజులు ఆ గేటు మీద అది ఉంది. నా గది నుంచి ఆ గేటుకి ఎనిమిది నిమిషాల నడక. నేను నా కంగారుతో కూర్చుని ఉన్నాను.

మీ ఉత్తరం నాకు అందిన రోజుకి ఇంకా నాలుగు రోజులు మిగిలున్నాయి.

పదహారో రోజున స్కూలు ఖాళీ చేశారు. ఎక్కడికి తీసుకెళ్ళారో చెప్పేవాళ్ళు లేరు. జాబితా అడిగితే అసలు జాబితాయే లేదంటున్నారు.

ఆవిడ గొంతు ఎత్తలేదు. "చివరిసారి ఏం మాట్లాడాడు మేడం?" అని అడిగింది. నేను ఏమన్నానో తెలుసా? "ఈ గదిలో మాటలు బయటికి చెప్పకూడదమ్మా" అన్నాను. ఆవిడ తలూపి, ఆయన కుర్చీలో కూర్చుంది. నాలుగూ యాభైకి తనే లేచింది. "టైము విషయంలో మీరు గట్టి మనిషని చెప్పేవాడు. ఊళ్ళో టైముకి నడిచేది మీరొక్కరేనట" అని చెప్పి వెళ్ళింది.

ఈ నెల స్వీయ పరిశీలన ఇది.

మీ శిష్యురాలు

*

ఇంట్లో

ఉడతా,

మీరు అని రాశావు. సరే, రాయి. ఆ కోపం పడటానికి నేనిక్కడ ఉన్నాను.

జరిగింది ఘోరం. అయితే దాన్ని చేసింది నువ్వు కాదు, వ్యాను తెచ్చినవాళ్ళు. ఈ రెండింటినీ కలిపి ముద్ద చేయకు. పావుగంట ఎక్కువ కూర్చోబెడితే ఆ రోజు తప్పేదేమో, మర్నాడు ఇంకో మలుపులో ఇంకో వ్యాను ఉండేది. వెనక్కి తిరిగి చూస్తే ప్రతి దారీ మనకే కనిపిస్తుంది. అప్పుడు నీకు తెలిసినదాంతో నువ్వు చేసింది సబబే.

ఆవిడకి చెప్పకు. ఆయన అడిగాడని, నువ్వు వద్దన్నావని చెప్పకు. రహస్యం పాటించాలని కాదు. చెప్తే నీ బరువు దిగుతుంది, ఆవిడ బరువు పెరుగుతుంది. నీ మనసు తేలికపడటానికి ఆవిడ మనసు వాడుకోకూడదు. ఇది మాత్రం బాగా ఆలోచించు.

పనిని వారానికి మూడు రోజులకి తగ్గించు. ఉదయం నడువు. అపరాధ భావం మీద నేను నీకు ఇచ్చిన ప్రశ్నలున్నాయి, పాత నోటుబుక్కులో. ఒక్కొక్కదానికీ జవాబు రాసి పంపించు.

సంఘం నుంచి నీ లైసెన్సు కాగితం వచ్చింది. రెండేళ్ళకి పొడిగించారు. దీంతోపాటు పంపుతున్నాను.

వదిన

*

క్లినిక్,
మంగళవారం

వదిన గారికి,

మీ కవరులో లైసెన్సు కాగితం మడతలో అన్నయ్య చీటీ ఉంది. మీ కంట పడకుండా ఎలా పెట్టాడో. రెండే ముక్కలు. "మీ వదిన క్లినిక్కులో మనుషుల్ని చూడటం మానేసి పద్నాలుగు నెలలైందే. గదిలో గడియారం పెట్టుకుని ఒక్కతే కూర్చుంటోంది."

పద్నాలుగు నెలలు. అంటే బస్టాండులో నా జబ్బు పేరు చెప్పేనాటికే. వచ్చేవాళ్ళు వస్తున్నారు, వెళ్ళేవాళ్ళు వెళ్తున్నారని రాసేనాటికే.

మీ ప్రశ్నలకి జవాబులు రాయలేదు. ఒక ప్రశ్న నేను అడుగుతాను. మీరు గట్టు మీద కూర్చుని ఈత నేర్పుతున్నారని నాకెందుకు చెప్పలేదు?

ఆవిడ ప్రతి మంగళవారం వస్తోంది. ఆయన గంటకి వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంటుంది. ఉదయమంతా ఆఫీసుల చుట్టూ తిరిగి ఇక్కడికి వస్తుంది, కాళ్ళు వాచి ఉంటాయి. ఇక్కడ మాత్రం తనని ఎవరూ పొమ్మనరట. ఇవాళ నాతో అంది, "మీ దగ్గర కూర్చుంటే ఆయన చివరి మంచి గంటలో కూర్చున్నట్టుంటుంది" అని. నేను నోరు కట్టేసుకుని కూర్చున్నాను, మీరు చెప్పారని.

మీ దగ్గర నుంచి నాకు సలహా వద్దు. నిజం ఉంటే రాయండి, లేకపోతే ఊరుకోండి.

*

ఇంట్లో, ఆ గదిలో,
పొద్దున్నే

ఉడతా,

మీ అన్నయ్యని ఏమీ అనలేదు. అనడానికి మొహం లేదు.

నర్సింగ్ చదివే అమ్మాయి ఒకతి నా దగ్గరికి వచ్చేది. నీకు చెప్పలేదు, నీకే కాదు, ఎవరికీ చెప్పలేదు. యాభై నిమిషాలతో మొదలై గంటన్నర, రెండు గంటలు అయింది. ఇంటి నంబరు ఇచ్చాను. సైరన్ మోగితే ఇంటికే తీసుకొచ్చేసేదాన్ని. ఈ బల్ల దగ్గర మాతోపాటు తినేది. మీ అన్నయ్య చదరంగం నేర్పాడు, రెండు నెలల్లో ఆయన్నే ఓడించింది. నీ గురించి ఎన్ని కబుర్లు చెప్పానో ఆ పిల్లకి. ఇంకెవరికీ పెట్టనంత మనసు పెట్టాను. అయినా ప్రాణం తీసుకుంది. మా ఇంట్లో భోంచేసి వెళ్ళిన మర్నాడే.

తర్వాత క్లినిక్కుకి వెళ్ళి కూర్చున్నాను. మొదట వచ్చినాయన నోరు తెరవగానే నేను లేచి బయటికి వచ్చేశాను. అంతే, మళ్ళీ ఎవరి ఎదురుగానూ కూర్చోలేదు. పాఠాలు చెప్పుకుంటున్నాను. పాఠాలు చెప్పడానికి ఎవరి కళ్ళలోకీ చూడనక్కరలేదు.

గడియారం చూసుకుని ఉంటే బాగుండేదని అనుకున్నాను. ఆ పిల్ల బతికేదని కాదు. నేను బతికేదాన్నని. అప్పుడే నీ ఉత్తరాలు, ఫోన్లు, వాళ్ళకి రెండు గంటలు ఇచ్చాను, వీళ్ళింటికి వెళ్ళొచ్చానని. నాకు నిన్ను చూస్తే భయమేసింది. ఇంకో సంవత్సరానికి నువ్వూ ఇదే గదిలో కూర్చుంటావనిపించింది. నా మీద నేను చేసుకోవలసిన పనిని నీ చేత చేయించాను. జబ్బు నాది, పథ్యం నీకు పెట్టాను. దానికి నీ ఎదుగుదల అని పేరు పెట్టి సంతకం చేశాను. నువ్వు వీధి మలుపు గురించి రాస్తే అది వీధి మలుపులా కనిపించలేదు నాకు, నీ కంగారులా కనిపించింది. ఊళ్ళో మనుషులు మాయమవుతుంటే నేను నీ మనసు చదువుతూ కూర్చున్నాను.

నిన్న హాలులో ఆ ఎనిమిది మందినీ అప్పుడు రాసుకున్నది కొట్టేయమన్నాను. "ఎందుకు మేడం?" అని ఒకతను అడిగాడు. మంచినీళ్ళు తాగి పాఠం ముగించేశాను.

ఆవిడకి చెప్పొద్దని రాశాను కదా. అది ఆవిడ కోసం రాశానో, నా మాట నీ నోటి వెంట బయటికి రాకూడదని రాశానో ఇప్పుడు నాకే తెలియడం లేదు. చెప్పమని కూడా చెప్పలేను. నా దగ్గర సలహా లేదు. నీకు పెద్దదిక్కుగా ఉంటానని నిన్ను ఈ పనిలోకి తెచ్చాను. ఉండలేకపోయాను. అంత మాత్రం నిజం.

వదిన

*

క్లినిక్ వెనక గది,
గురువారం

వదినా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, కాస్త ఓపిక ఉండేది. నువ్వు ఆ పిల్లకి అన్నీ ఇచ్చి పోగొట్టుకున్నావు, నేను ఆయనకి ఏమీ ఇవ్వకుండా పోగొట్టుకున్నాను. ఇద్దరం కలిసి కూర్చుని దీని మధ్యలో ఎక్కడో ఒక దారి ఉందని తేల్చుకోవచ్చు. ఆ పని మనకి బాగా వచ్చు. నాకు చేయాలని లేదు.

మనుషుల్ని చూస్తూనే ఉన్నాను. మానేద్దామంటే వాళ్ళు ఎక్కడికి పోతారు? కానీ ఎవరినీ లేపలేకపోతున్నాను. టైమయిందని అనబోతాను, ముందు కిటికీ దగ్గరికి వెళ్ళి వీధి చూస్తాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు. నిన్న ఒకావిడ నన్నే ఓదార్చింది. లిఫ్టుల ఆయన జాడ లేదు. పదకొండో మనిషి, ఆయనతోపాటు మిగిలిపోయినతను, నది అవతలి ఊళ్ళో కనిపించాడని ఒక మాట వచ్చింది. వెళ్ళి చూస్తే వేరే ఎవరో.

ఆవిడకి చెప్పేశాను. నా బరువు దించుకోవడానికో, ఆవిడకి ఆ హక్కు ఉందనో, నాకూ తెలియదు, ఆలోచించడం మానేసి చెప్పాను. "వెళ్ళేముందు పావుగంట కూర్చుంటానన్నారు. నేను వద్దన్నాను." ఆవిడ "ఎన్నిసార్లు అడిగాడు?" అంది. ఒక్కసారే అన్నాను. "ఆయన రెండోసారి అడగడు" అంది. "ఇంట్లోనూ అంతే. ఒక్కసారి అడుగుతాడు, మనం కాదంటే తనే నవ్వేసి ఊరుకుంటాడు." నవ్వాడని నేను చెప్పలేదు వదినా. ఆవిడ సంచి తీసుకుని లేచింది. వెళ్ళొస్తానని కూడా అనలేదు. గడియారం వైపు చూశాను, పాడు అలవాటు, నాలుగుంపావు కూడా కాలేదు.

మొన్న మంగళవారం రాలేదు. నేను పది నిమిషాలు కూడా ఆగలేదు. చెప్పులేసుకుని, క్లినిక్కుకి తాళం కూడా వేయకుండా, వాళ్ళింటికి పరిగెత్తాను. నాలుగో అంతస్తు, ఆ ఇంటికి లిఫ్టు లేదు. పైకి చేరేసరికి మాట రావడం లేదు. తలుపు కొడితే వెంటనే తీసింది. చేతులు తడిగా ఉన్నాయి, గిన్నెలు తోముకుంటోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, లోపలికి రమ్మనలేదు.

"ఏం కావాలి మేడం?"

"ఇవాళ మీరు రాలేదు కదా. ఎలా ఉన్నారో చూద్దామని."

"ఆయన రానప్పుడు మీరు రాలేదుగా."

విసురుగా అనలేదు. ఉన్నమాట గుర్తుచేసినట్టు అంది. తర్వాత మెల్లగా తలుపు వేసేసుకుంది.

ఉడత